పాల చుట్టరికం

అస్గర్ అలీ గురించి చెప్పే ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మట్టిషెడ్డు తగాదాలో పని పోగొట్టుకున్న ఆడవాళ్ళలో ఒకరైన కనకవ్వ మా అమ్మ. కాబట్టి నేను చెప్పేది ఒక వైపు మనిషి మాట. ఆ లెక్కనే వినండి. ఆ రోజు అస్గర్ అలీ కూడా నాలాగే ముందుగా ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఇవాళ ఆయన గురించి ఇంత చెప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల లైను వాళ్ళందరికీ ఆయన సర్దార్ సాబ్. గనిలో బొగ్గు గోడకు వేసిన రంధ్రాల్లో మందు కూరి పేల్చే పని ఆయనది. ఒకసారి వైరు మోసం చేసి మందు ముందే పేలింది. ప్రాణం దక్కింది కాని కుడి చెవి పోయింది. కంపెనీ దవాఖానలో పనికిరాడని రాసి ఇంటికి పంపారు. అప్పటికి ఆయనకు గట్టిగా నలభై ఐదేళ్ళు కూడా లేవు. లైను చివర రేకుల ఇల్లు వేసుకుని, ముందు గదిలో కిరాయి సైకిళ్ళ దుకాణం పెట్టుకున్నాడు.

ఆ దుకాణం దగ్గర సైకిళ్ళ కన్నా తగాదాలు ఎక్కువ వచ్చేవి. గోడ గురించి, కోడి గురించి, మొగుడూ పెళ్ళాల గురించి, ఎవరికి ఏ గొడవ వచ్చినా సర్దార్ సాబ్ దగ్గరికే. ఆయన బెంచీ మీద కూర్చుని, వినపడే ఎడమ చెవి వాళ్ళ వైపు తిప్పి, మొట్టమొదట ఒకే ఒక ప్రశ్న అడిగేవాడు. ఇందులో నాకు చుట్టాలెవరన్నా ఉన్నారా అని. ఉన్నారంటే సరి, భుజం మీది కండువా దులుపుకుని లేచి, ఇది నేను చెప్పేది కాదు, ఇంకొకరిని చూసుకోండి అనేవాడు.

ఆయన సొంత బావమరిది మేక పక్కింటి చిక్కుడు పందిరి నాశనం చేసిన రోజు కూడా అదే చేశాడు. పంచాయితీ దుకాణంలోనే నడిచింది, ఆయన మాత్రం ఎదురుగా హోటల్లో చాయ్ తాగుతూ కూర్చున్నాడు. బావమరిది చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఏ తీర్పూ తేనంత పేరు ఆ మేక తెచ్చిపెట్టింది. సర్దార్ సాబ్ అంటే తన వాళ్ళున్న చోట కూర్చోని మనిషి అని గని మేనేజరుకు కూడా తెలిసిపోయింది.

ఆయన కూర్చోకూడని చోట కూర్చున్నది ఒక్కసారే. ఆ ఒక్కసారికి మూలం బెల్లంపల్లిలో ఉంది.

గోదావరిఖని గనులు ఇంకా తెరవని రోజుల్లో అస్గర్ అలీ కుటుంబం బెల్లంపల్లిలో ఉండేది. కొడుకు మక్సూద్ పుట్టగానే భార్య ఆబిదాకు జ్వరం తగిలి దవాఖానలో పడింది. బతుకుతుందో లేదో తెలియదు. ఇంట్లో పసివాడు ఆవుపాలు కక్కేస్తూ, ఏడవడానికి కూడా ఓపిక లేక పడి ఉన్నాడు. పక్కింట్లో పోశవ్వ అప్పుడే ఆడపిల్లను కన్నది. ఆమె మొగుడు ఆగయ్యది కూడా గని పనే. గోడ అవతల నుంచి ఆ పిల్లవాడి మూలుగు వినలేక పోశవ్వ వచ్చి, ఎవరినీ అడగకుండా, వాడిని ఎత్తుకుని రొమ్ము ఇచ్చింది. ఆబిదా లేచి తిరిగేదాకా తన కూతురు పూలమ్మకు ఒక పక్క, మక్సూద్‌కు ఒక పక్క పాలిచ్చింది.

అస్గర్ అలీ తల్లి సుల్తాన్ బీకి ఇది ఇరుగుపొరుగు సాయం కాదు. వాళ్ళ మతంలో పాలిచ్చిన మనిషి తల్లే. ఆమె పిల్లలు తోడబుట్టిన వాళ్ళే, వాళ్ళ మధ్య పెళ్ళిళ్ళు కూడా కుదరవు. రక్త సంబంధం ఎలాగో పాల సంబంధం అలాగే. ముసలామె పోశవ్వను కూర్చోబెట్టి, కొత్త చీర పెట్టి, ఈ రోజు నుంచి నువ్వు మా ఖాందాన్ మనిషివి అని చెప్పింది. పోశవ్వ నవ్వి ఊరుకుంది. కాని అప్పటి నుంచి ఆమె అస్గర్ అలీని అన్నా అంది, ఆయన ఆమెను చెల్లె అన్నాడు. రంజాన్ పండుగ నాడు సేమ్యా పాయసం మొదటి గిన్నె పోశవ్వ ఇంటికి వెళ్ళిన తరువాతే ఆ ఇంట్లో మిగతావాళ్ళు తినేవారు.

తరువాత రెండు కుటుంబాలూ బదిలీ మీద గోదావరిఖని వచ్చాయి. వచ్చిన కొన్నాళ్ళకే గనిలో పైకప్పు కూలి ఆగయ్య పోయాడు. ఆయన బదులు పోశవ్వకు పని ఇచ్చారు. ఆడవాళ్ళు గని లోపలికి దిగకూడదు కాబట్టి పైన మట్టిషెడ్డులో వేశారు.

మట్టిషెడ్డు అంటే తెలియని వాళ్ళ కోసం చెబుతాను. బొగ్గు గోడ రంధ్రంలో మందు కూరాక, దాని మూతిని మట్టితో గట్టిగా బిగించాలి. లేకపోతే పేలుడు మంట వెనక్కి తంతుంది. ఆ మట్టిని ముద్దలుగా పైనుంచే చేసి పంపేవాళ్ళు. ఎర్రమట్టిలో ఇసుక కలిపి కాళ్ళతో తొక్కి, జానెడు పొడవున గుండ్రంగా చేతులతో ఒత్తి, నీడలో ఆరబెట్టడం మా అమ్మ, పోశవ్వ, ఐలవ్వ, ఇంకా కొందరి పని. ఎవరూ పట్టించుకోని పని. కాని అస్గర్ అలీ పేల్చిన ప్రతి రంధ్రం మూతికి మా వాళ్ళ చేతి మట్టే ఉండేది. మోచేతుల దాకా ఎర్రమట్టితో మా అమ్మ ఇంటికి వస్తుంటే నాకు చిన్నతనంగా ఉండేది. నేను అప్పటికే గనిలో బొగ్గు టబ్బులు తోసే పనిలో ఉన్నాను, నాది మాత్రం నల్లటి మురికి అని గర్వం.

అరవై ఎనిమిదిలో మట్టిషెడ్డు పోస్టులు రద్దు చేస్తున్నామని కంపెనీ బోర్డు మీద కాగితం అతికించారు. మట్టి ముద్దలు చేసే యంత్రం వస్తోంది, ఇక మనుషులతో అవసరం లేదు, రావలసిన డబ్బులు తీసుకుని వెళ్ళండి, క్వార్టర్లు ఖాళీ చెయ్యండి అని దాని సారాంశం. యంత్రం వచ్చిన మాట నిజమే. నాలుగు రోజులు నడిచి ఆగేది, రిపేరు చేస్తే మళ్ళీ రెండు రోజులు నడిచి ఆగేది. ఇంతలో కంచె అవతల ఒక కాంట్రాక్టరు పాక వేసి, ఎక్కడి నుంచో మనుషులను తెచ్చి, అదే మట్టిని అలాగే కాళ్ళతో తొక్కించి, అవే ముద్దలు చేయించి గనికి అమ్మడం మొదలుపెట్టాడు.

అంటే పని అలాగే ఉంది. మా అమ్మలు లేరు. తగాదా అంతా ఇదే. పని పోయిందా, మనుషులను పోగొట్టారా.

యూనియన్ నాయకుడు గట్టయ్య సమ్మె నోటీసు ఇచ్చాడు. హైదరాబాదులో లేబర్ కోర్టుకు పోతే ఏళ్ళు పడుతుందని ఇద్దరికీ తెలుసు. చివరికి మేనేజరూ గట్టయ్యా కలిసి, ఇద్దరికీ నమ్మకమైన మధ్యవర్తిని పెట్టుకుందాం, ఆయన ఏది చెబితే అది అని ఒప్పందం రాసుకున్నారు. ఎవరు అనగానే రెండు నోళ్ళ నుంచీ ఒకే పేరు వచ్చింది. గట్టయ్య ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చి, మన మనిషే కూర్చుంటున్నాడు, ఇక మీకు ఫికర్ లేదు అని అమ్మతో చెప్పి వెళ్ళాడు. మేమంతా సంబరపడ్డాం. మా సిగ్గుమాలినతనం కూడా ఇందులో ఉంది, దాచను. మేము కోరుకున్నది న్యాయం చెప్పేవాణ్ణి కాదు, మన వాణ్ణి.

మొదటి రోజు విచారణ కంపెనీ ఆఫీసు ముందు రేకుల పందిరి కింద జరిగింది. కంపెనీ తరఫున వచ్చిన లేబర్ ఆఫీసరు పద్ధతి ప్రకారం అడిగాడు, మధ్యవర్తి గారికి ఈ తగాదాలో చుట్టాలు గాని, లావాదేవీలు గాని ఉన్నాయా అని. అస్గర్ అలీ తన జీవితమంతా ఇతరులను అడిగిన ప్రశ్న అది. ఎదురుగా నేల మీద ఆడవాళ్ళంతా కూర్చుని ఉన్నారు. పోశవ్వ తలెత్తి ఆయన వైపు చూసింది. ఆయన చూడలేదు. ఎవరూ లేరని చెప్పాడు. గట్టయ్య మీసాల్లో నవ్వుకున్నాడు.

పొద్దు గూకే వేళకు పోశవ్వ ఆయన ఇంటికి వెళ్ళింది. అక్కడ జరిగింది తరువాత ఆమే అమ్మకు చెప్పింది. లోపలికి కూడా పోకుండా, గడప దగ్గరే నిలబడి మాట్లాడిందట.

"అన్నా, నువ్వు ఈ పంచాయితికి కూసోకు. తప్పుకో."

అస్గర్ అలీకి ముందు అర్థం కాలేదు. ఇన్నేళ్ళలో ఆయన్ని కూర్చోమని బతిమిలాడిన వాళ్ళే కాని, తప్పుకొమ్మన్న వాళ్ళు లేరు. "ఎందుకు? నేను మీకు అన్యాయం చేస్త అనుకుంటున్నవా?" అన్నాడు.

"చేస్తవనే అనుకుంటున్న. నన్ను చూసి భయపడతవు. చెల్లె దిక్కు మొగ్గిండని ఎవడన్న అంటడేమోనని, కావాలని అటు దిక్కు మొగ్గుతవు. నీ సంగతి నాకు ఎర్క లేదా?"

ఆయనకు రోషం వచ్చింది. నిజం ఎవరైనా ముఖం మీద చెబితే ఎవరికైనా వచ్చేదే. నేను లేస్తే హైదరాబాదు నుంచి ఏ ఆఫీసరో వస్తాడు, వాడికి మట్టి ముద్ద అంటే ఏమిటో కూడా తెలియదు, మీరు మునుగుతారు అని వాదించాడు.

"రానియ్యి. వానికి మేమెవ్వలమో ఎర్క లేదు. మాకు గదే మంచిది" అంది పోశవ్వ.

లోపలి నుంచి సుల్తాన్ బీ కూడా కొడుకును మందలించింది. మేక పంచాయితీలో లేచినవాడివి, పాలిచ్చిన మనిషి ఉన్న చోట ఎలా కూర్చుంటావు, ఆ రోజు చీర పెట్టింది ఉత్తుత్తికా అని అడిగింది. అస్గర్ అలీ తల్లికి ఎదురు చెప్పడం అదే మొదలట.

"అది ఇంటి ముచ్చట, అమ్మీ. కంపెనీ కాయిదంల పాల సుట్టరికం లేదు."

మాట వరకు చూస్తే నిజమే. కంపెనీ అడిగింది రక్త సంబంధం గురించి, డబ్బు గురించి. ఆయన ఇల్లు మాత్రం పాల సంబంధం కూడా అడుగుతుంది. ఎక్కడ ఏది పనికొస్తుందో అక్కడ అది పట్టుకున్నాడు. పోశవ్వ గడప దగ్గర నుంచే తిరిగి వచ్చింది. వచ్చి అమ్మతో, మన పని అయిపోయింది కనకవ్వా అంది. అమ్మ నమ్మలేదు. నేనైతే కోపగించుకున్నాను, సర్దార్ సాబ్ అంతటి వాణ్ణి అనుమానిస్తావా అని.

విచారణ నడిచిన రోజుల్లో ఆయన రోజూ ఎదురు హోటల్లో చాయ్ తాగేవాడు. ఒకరోజు ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు పక్క బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకున్నారు. కొడుక్కు పాలిచ్చిన మనిషి అవతల కూర్చుంటే తీర్పు ఏమవుతుందో వేరే చెప్పాలా అని ఒకడు నవ్వాడు. వాళ్ళు ఆయన కుడి వైపు కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో. ఎడమ వైపు కూర్చున్నారు. ఆయన చాయ్ సగం వదిలేసి లేచాడు.

ఆ రోజు నుంచి మేము చూస్తుండగానే మనిషి మారాడు. కంపెనీ ఆఫీసరు ఎంతసేపు మాట్లాడినా తల ఊపుతూ వినేవాడు. మా వాళ్ళు నోరు తెరిస్తే, అడిగినదానికే చెప్పండి అనేవాడు. పోశవ్వ వంతు వచ్చింది. మొగుడు గనిలో పోయినప్పుడు, బతికున్నంత కాలం నీకు పని ఉంటుందని మేనేజరు స్వయంగా ఇచ్చిన మాట ఆమె చెప్పబోయింది. సొంత విషయాలు ఇక్కడ వద్దు అని ఆపేశాడు. యంత్రం వచ్చిందా లేదా అని అడిగాడు. వచ్చింది, నడుస్తది, ఆగుతది అని ఆమె అంటుంటే, వచ్చింది కదా, చాలు అన్నాడు. మా అమ్మను కూడా ఆపాడు కాని అంత కరుకుగా కాదు. చుట్టం కానందుకు మా అమ్మకు దక్కిన మర్యాద అది.

కంచె అవతల కాంట్రాక్టరు పాక చూడటానికి అందరినీ తీసుకువెళ్ళారు. నేను మొదటి షిఫ్టు దిగి నేరుగా అక్కడికే వెళ్ళాను. మగవాళ్ళు మోకాళ్ళ దాకా మట్టిలో దిగి తొక్కుతున్నారు. అస్గర్ అలీ వంగి ఒక ముద్ద తీసుకుని వేళ్ళతో నొక్కాడు, అది పొడి పొడిగా రాలిపోయింది. ఇది తాత్కాలికం, యంత్రం బాగయ్యేదాకే అని ఆఫీసరు చెప్పాడు. అస్గర్ అలీ చేతికంటిన మట్టిని కండువాకు తుడుచుకున్నాడు. ఆ ముఖం నేను చూశాను. పని పోలేదని, మనుషులనే పోగొట్టారని ఆయనకు తెలిసిపోయింది. ఇప్పటికీ నాకు కోపం తెప్పించేది ఆ సంగతే. తెలియక చెబితే క్షమించేవాణ్ణేమో.

తీర్పు చదివిన రోజు పందిరి కింద జాగా చాలలేదు. పోస్టులు నిజంగానే రద్దయ్యాయని, యంత్రం ఉంది కాబట్టి పని లేనట్టేనని, కాంట్రాక్టరు చేసేది తాత్కాలికమని, ఆడవాళ్ళకు రావలసిన డబ్బులు తప్ప ఇంకేమీ రావని ఆయన చెప్పాడు. గట్టయ్య మీసాల్లో ఈసారి నవ్వు లేదు. ఆడవాళ్ళు ఎవరూ ఏడవలేదు. పోశవ్వ లేచి కొంగు దోపుకుని, నడువుండ్రి అంది. అందరూ ఆమె వెనకే నడిచారు.

ఆ తరువాత జరిగిందే ఆయన్ని తినేసింది. పొగడ్తలు మొదలయ్యాయి. ఆఫీసరు చెయ్యి పట్టుకుని ఊపాడు. హోటల్లో చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. సర్దార్ సాబ్ అంటే సర్దార్ సాబే, కొడుక్కు పాలిచ్చిన దాన్ని కూడా చూడలేదు అని బజారంతా చెప్పుకుంది. మేక నాటి పేరు దీని ముందు ఎందుకూ పనికిరాకుండా పోయింది. ఆయన ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చున్నాడు. ఆబిదా ఎప్పుడూ ఆయన తీర్పుల జోలికి రాని మనిషి. ఆ రోజు మాత్రం కూర వడ్డిస్తూ ఒక్క మాట అడిగిందట. పోశవ్వ నీకు ఏమీ కాని మనిషై ఉంటే నువ్వు ఏమని చెప్పేవాడివి అని. ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు గట్టయ్య దగ్గరికి వెళ్ళాడు. నా తీర్పు తప్పు, దాన్ని తీసెయ్యాలి అన్నాడు. గట్టయ్య ఆయన్ని కూర్చోమని కూడా అనలేదు. ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న మధ్యవర్తి మాట మీద అప్పీలు లేదని ఒప్పందంలోనే ఉంది. అక్కడి నుంచి కంపెనీ లేబర్ ఆఫీసరు దగ్గరికి వెళ్ళాడు. చుట్టాలు లేరని ఆ రోజు అబద్ధం చెప్పాను, పోశవ్వ నాకు చెల్లెలు, కాబట్టి నేను కూర్చోకూడని మనిషిని అని చేతులు జోడించాడు. ఆఫీసరు మంచివాడే, నవ్వాడు. అభ్యంతరం చెబితే మేము చెప్పాలి గాని మాకేం నష్టం కాలేదు కదా, మీరు వాళ్ళ చుట్టమై ఉండి కూడా మా వైపు చెప్పారు, అది మీ గొప్పతనం అన్నాడు. అస్గర్ అలీ ఆ గొప్పతనం మోసుకుంటూ బయటికి వచ్చాడు.

పోశవ్వ క్వార్టరు పోయింది, మాది నా ఉద్యోగం వల్ల నిలిచింది. ఐలవ్వ కొన్నాళ్ళు రామకృష్ణాపూర్‌లో తమ్ముడి దగ్గర ఉండి వచ్చింది. పోశవ్వ గోదావరి దారిలో గుడిసె వేసుకుని, గనులకు పోయే ఇసుక లారీల్లో ఇసుక నింపింది. బడికి పోతున్న పూలమ్మ కూడా బడి మాని తల్లితో పాటు తట్ట ఎత్తింది. యంత్రం రెండో వానాకాలానికి పూర్తిగా మూలపడింది. దాన్ని షెడ్డు వెనక పడేస్తే ఎవరో సొరపాదు పాకించారు. కాంట్రాక్టరుకు మగవాళ్ళ కూలి బరువనిపించింది. ఈ పని తెలిసిన ఆడవాళ్ళు చవకగా దొరుకుతారని ఎవరో చెప్పారు. అలా రద్దయిన పనికే పోశవ్వ, ఐలవ్వ, మా అమ్మ మళ్ళీ వెళ్ళారు. కంచెకు ఇవతల చేసిన పనే కంచెకు అవతల, సగం కూలికి.

వాళ్ళు పోయే దారి అస్గర్ అలీ దుకాణం ముందు నుంచే. పొద్దుగూకే వేళకు మోచేతుల దాకా ఎర్రమట్టితో ముగ్గురూ వెళ్తుంటే, ఆయన వంగి ఏదో ఒక సైకిలు చక్రం చూస్తూ ఉండేవాడు. పోశవ్వ మాత్రం ఆగి, అన్నా బాగున్నవా అని అడిగే వెళ్ళేది. దెప్పుతోందని నేను అనుకునేవాణ్ణి. కాదట. అమ్మ ఒకసారి నన్ను తిట్టింది, దానికి దెప్పడం రాదురా అని. రంజాన్‌కు పాయసం గిన్నె ఎప్పటిలాగే ఆమె గుడిసెకు వెళ్ళేది. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని ఆమె అందులో గుప్పెడు చింతపండో, నాలుగు మక్కకంకులో వేసి పంపేది. ఆ గిన్నె ఇంటికి వచ్చిన రోజు ఆయన పండుగ బట్టలతోనే దుకాణంలో ఒంటరిగా కూర్చునేవాడు.

తగాదాలు చెప్పడం మానేశాడు. ఎవరు వచ్చినా, చుట్టాలున్నారా అని అడగకుండానే కండువా దులుపుకుని లేచి లోపలికి వెళ్ళేవాడు. నెమ్మదిగా జనం రావడం తగ్గింది. సుల్తాన్ బీ పోయే ముందు పోశవ్వను పిలిపించుకుని చెయ్యి పట్టుకుంది కాని, కొడుకు సంగతి ఎత్తలేదు.

డెబ్భై ఆరులో మక్సూద్ పెళ్ళి కుదిరింది. వాడు రామగుండంలో ఫిట్టరు, పిల్లది నస్పూర్. పెళ్ళికొడుకు ఇల్లు కదిలే ముందు తల్లి దగ్గర కూర్చుని, తాగిన పాల రుణం మాఫ్ చెయ్యమని అడగడం వాళ్ళ ఆచారం. తల్లి బఖ్షించాను, ఆ రుణం వదిలేశాను అనాలి, అప్పుడే గడప దాటాలి. ఆబిదా మాఫ్ చేసింది. వాడు లేవకుండా, నాకు ఇంకో అమ్మ ఉన్నది అన్నాడు.

పోశవ్వ కోసం మనిషిని పంపారు. ఆమెతో పాటు అమ్మ, అమ్మతో పాటు నేను వెళ్ళాం. ఆ రోజు కూడా పనికి పోయి వచ్చింది పోశవ్వ. చేతులు రుద్ది కడుక్కుంది కాని గోళ్ళ మూలల్లో ఎర్రమట్టి అలాగే ఉంది. మక్సూద్ ముఖం మీదికి వేలాడే సెహ్రా పూలదండలు ఒక చేత్తో పక్కకు తప్పించి ఆమె ఒళ్ళో తల పెట్టాడు. ఆమె వాడి వీపు నిమిరి, "మాఫ్ బిడ్డా. సల్లగుండు" అంది. ఆబిదా కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్న అస్గర్ అలీ లోపలికి వచ్చాడు. కొత్త షేర్వానీ తొడుక్కున్న మనిషి, అందరి ముందూ పోశవ్వ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"చెల్లె, నాది గూడ మాఫ్ చెయ్యి" అన్నాడు.

"నీదేంది అన్నా?"

తెలియక అడగలేదు ఆమె. ఆయన నోటితో వినాలని అడిగింది. ఆయన తల దించుకుని, తీర్పు అన్నాడు. పోశవ్వ ఆయన ముఖంలోకి చూసింది. ఆమెకు జాలి కలిగింది, అది అందరికీ కనిపించింది. అయినా తల అడ్డంగా ఊపింది.

"గా పంచాయితికి నేను కూసోను. నీ కొడుకు నా పాలు తాగిండు, నువ్వు నాకు అన్నవు. నా నోట మాఫ్ అనే వస్తది. అది న్యాయం గాదు. ఐలవ్వ ఉన్నది, కనకవ్వ ఉన్నది, ఇంక మిగిలినోళ్ళున్నరు. వాండ్లకు నువ్వు ఏమీ కావు. పోయి వాండ్లను అడుగు."

బయట బ్యాండు వాళ్ళు తొందరపెడుతున్నారు. అస్గర్ అలీ లేచి కొడుకు చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. ఆ పెళ్ళిలో ఆయన ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో నాకు గుర్తు లేదు.

పెళ్ళి సందడి అణిగాక ఆయన ఒక్కొక్క ఇంటికీ వెళ్ళడం మొదలుపెట్టాడు. ఐలవ్వ ఏడ్చి, పోనియ్యి సర్దార్ సాబ్ అందట. ఒకామె అప్పటికే చనిపోయింది, ఆమె కొడుకు తలుపు తియ్యలేదు. చివరికి ఒక ఆదివారం పొద్దున మా ఇంటికి వచ్చాడు. నేను మంచం వాల్చాను. ఆయన కూర్చుని, ఏం అడగడానికి వచ్చాడో చెప్పాడు.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి వచ్చి ఎదురుగా పీట వేసుకుంది. మొత్తం చెప్పింది. విచారణలో తన మాట మధ్యలో ఎలా తుంచాడో, కంచె అవతల అదే మట్టి తొక్కుతుంటే సగం కూలి చేతిలో పెట్టినప్పుడు ఎలా ఉంటుందో, పూలమ్మ తట్ట ఎత్తుతుంటే పోశవ్వ ముఖం ఎలా ఉండేదో, ఒక్కటీ వదలలేదు. గొంతు పెంచలేదు.

"నువ్వు తెల్వక చెప్పలే. తెలిసే చెప్పినవు. మంచోడనిపించుకోనీకి మా బతుకులు ఇచ్చినవు. నేను మాఫ్ చెయ్య, సర్దార్ సాబ్. ఎన్నడు చెయ్య."

నేను ఆయన్నే చూస్తున్నాను. కండువా దులుపుకుని లేస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే లేవాలనే కోరుకున్నాను, అప్పుడు నా కోపం నాకు హాయిగా మిగిలేది. ఆయన లేవలేదు. అమ్మకు ఇంకా చెప్పవలసింది ఉంది. ఆయన మంచం మీద కాస్త పక్కకు జరిగి, వినపడే ఎడమ చెవి అమ్మ వైపు తిప్పి కూర్చున్నాడు.